పౌచ్ ఫిల్ముకు, పట్టుకు, ప్రయోగశాలకు: వాతావరణ పీడన ప్లాస్మాలో ఏది ఎంచుకోవాలి?

ఒడిశాలోని బరంపురంలో అప్పడాలు, వడియాలు, ఊరగాయలు తయారుచేసి అమ్మే చిన్న యూనిట్ల వాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఏటా దాదాపు ఒకే మాటల్లో వస్తుంది: "మాస్టారూ, పౌచ్ మీద అచ్చేయించిన మా పేరు గోటితో గీకితే చాలు, ఊడి వచ్చేస్తోంది. ప్లాస్మా మెషీన్ పెట్టుకోమంటున్నారు. పెట్టుకోమంటారా?" ఇక్కడ ఒకే పౌచ్ మీద ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడూ పట్టించాలి కాబట్టి అక్షరాలు చిన్నవైపోతాయి, ఫిల్ము ఇంకును సరిగా పట్టుకోకపోతే ముందుగా రాలిపోయేవి తెలుగు తలకట్లూ, ఒడియా అక్షరాల మీది సన్నని వంపులూను. అడిగినవాళ్లకు నేను వెంటనే అవుననీ చెప్పను, కాదనీ చెప్పను, తిరిగి మూడు ప్రశ్నలు వేస్తాను. మీ సరుకు చుట్ట నుంచి విప్పుకుంటూ నడిచే ఫిల్మా, విడివిడి వస్తువా? మీకు కావలసింది ఉన్న ఉపరితలాన్ని మార్చడమా, దాని మీద కొత్తగా ఒక పొర వేయడమా? ప్లాస్మా తగిలిన తరవాత ఎన్ని రోజులకు దాన్ని వాడతారు? ఈ మూడింటికి జవాబు లేకుండా యంత్రం మాట ఎత్తడం, పిల్లవాణ్ణి చూడకుండానే ముహూర్తం పెట్టించడం లాంటిది.

ఈ వ్యాసంలో నా తీర్పును ముందే చెప్పేస్తాను. ప్లాస్మా అంటే విద్యుత్తుతో ఎలక్ట్రాన్లుగా, అయాన్లుగా చీల్చిన వాయువు. ఉపరితలాన్ని మార్చే పనికి మామూలు గాలి పీడనంలోనే నడిచే ప్లాస్మా చాలా సందర్భాల్లో సరిపోతుంది, అది కూడా ఖరీదైన రకం కాకుండా, ఫిల్ము మీద గాలిలోనే ప్లాస్మా పుట్టించే సాదా కరోనా ట్రీటర్ చాలు. కొత్త పొర వేసే పనికి మాత్రం వాతావరణ పీడనం అనే మాట విని తొందరపడకూడదు. అక్కడ సులువుగా కనిపించే దారిలోనే చిక్కులు ఎక్కువ.

ఫిల్ముకు ఇంకు ఎందుకు పట్టదు

పాలిథీన్ ఉపరితల శక్తి సెంటీమీటరుకు సుమారు 31 డైన్లు, పాలీప్రొపిలీన్‌ది 30కి అటూఇటూ. నీటి తలతన్యత 72.8 డైన్లు కాబట్టి నీటి చుక్క ఆ ఫిల్ము మీద పరుచుకోకుండా తామరాకు మీది బిందువులా గుండ్రంగా నిలబడుతుంది. ద్రావకం కలిపిన అచ్చు ఇంకులు చక్కగా పరుచుకుని పట్టుకోవాలంటే ఫిల్ము ఉపరితలం 38 డైన్లకు తగ్గకుండా ఉండాలని, నీటి ఆధారిత ఇంకులకు అంతకన్నా ఎక్కువ కావాలని అచ్చు పనివాళ్లు లెక్కగా పెట్టుకున్నారు. ప్లాస్మా చేసేది ఈ లోటు పూడ్చడమే. అందులోని ఎలక్ట్రాన్లూ, ఆక్సిజన్ పరమాణువులూ, అతినీలలోహిత కాంతీ పాలిథీన్ అణువుల పొడవాటి గొలుసుల పైపైన ఉన్న బంధాలను తెంచి, అక్కడ ఆక్సిజన్ కలిగిన గుంపులను అతికిస్తాయి. ఈ మార్పు లోతు పది నానోమీటర్ల లోపే. యాభై మైక్రాన్ల పౌచ్ ఫిల్ము మందంలో అది ఐదు వేలవ వంతు. అందుకే ఫిల్ము బలం చెడదు, అందుకే ఆ మార్పు శాశ్వతం కూడా కాదు.

మామూలు గాలి పీడనంలో ప్లాస్మాను నిలపడం అంత తేలిక కాదు. గాలిలో మిల్లీమీటరు ఎడానికి సుమారు 3 నుంచి 4 కిలోవోల్టులు ఇస్తే గాని విద్యుత్తు చీల్చుకుపోదు. చీల్చుకుపోయిందంటే అది వెల్డింగ్ నిప్పులాంటి ఆర్కుగా మారి ఎదురైనదాన్ని కాల్చేస్తుంది. దీనికి విరుగుడును వెర్నర్ ఫాన్ సీమెన్స్ 1857లో ఓజోన్ తయారీ కోసం కనిపెట్టాడు: రెండు లోహపు పలకల మధ్య గాజు వంటి విద్యుద్బంధకాన్ని అడ్డుపెట్టి, ఏకాంతర విద్యుత్తు ఇవ్వాలి. ఒక సన్నని మెరుపు తీగ పుట్టగానే బంధకం మీద ఆవేశం పేరుకుని, నానోసెకన్లలోనే దాన్ని ఆర్పేస్తుంది. ఇలా వేలాది తీగలు క్షణక్షణమూ పుట్టి చచ్చిపోతూ ఉంటాయి. ఎలక్ట్రాన్లు పదివేల డిగ్రీల పైన వేడెక్కినా వాయువు మాత్రం దాదాపు గది వేడిమిలోనే ఉండిపోవడానికి ఈ క్షణికత్వమే కారణం, ప్లాస్టిక్ కరగకుండా బతికేది కూడా దీనివల్లనే.

ఇక్కడ కొనుగోలుదారు గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఒకటుంది. అచ్చు పరిశ్రమలో కరోనా ట్రీటర్ అని పిలిచేది నిజానికి గాలిలో నడిచే ఈ అడ్డుపొర ఉత్సర్గమే (బంధకాన్ని అడ్డుపెట్టి వాయువు గుండా విద్యుత్తు పారించడమే). 1951లో డెన్మార్క్ ఇంజినీరు వెర్నర్ ఐస్బీ ప్లాస్టిక్ ఫిల్ముల కోసం దీన్ని రూపొందించాడు. కాబట్టి ఎవరైనా "ఇది కరోనా కాదండీ, అసలైన ప్లాస్మా" అని ఎక్కువ ధర చెబితే, "అయితే ఏ వాయువు వాడుతున్నారు, నిమిషానికి ఎన్ని లీటర్లు?" అని అడగండి. జవాబు "గాలే" అయితే మీరు పేరుకు డబ్బు కడుతున్నట్టు.

నడిచే ఫిల్ముకు ఏది తగును

పౌచ్ ఫిల్ముకు కరోనా ట్రీటర్‌నే ఎంచుకోండి. దీనికి గ్యాస్ సిలిండర్లు అక్కరలేదు, గది మూయనక్కరలేదు, రోలర్ల మధ్య ఇమిడిపోతుంది. అయితే రెండు రకాల నిర్మాణాల్లో ఏది తీసుకోవాలన్నది ముందే తేల్చుకోవాలి. రోలర్‌కు సిలికోన్ రబ్బరు తొడుగు వేసి, ఎదుట లోహపు ఎలక్ట్రోడ్ పెట్టిన రకం చవక, కాని లోహపు పూత ఉన్న వెండిరంగు ఫిల్ముకు పనికిరాదు. ఎలక్ట్రోడ్‌కే సెరామిక్ తొడుగు ఉండి రోలర్‌కు తొడుగు లేని రకం మామూలు ఫిల్మునూ, వెండిరంగు ఫిల్మునూ రెండింటినీ నడుపుతుంది. మసాలా పొడులకు వెండిరంగు పౌచ్‌లు ఎలాగూ ఇవాళ కాకపోతే రేపు అడుగుతారు కనుక, కొంచెం ఎక్కువైనా నేను రెండో రకానికే మొగ్గుతాను.

యంత్రం శక్తిని కిలోవాట్లలో మాత్రమే చూసి కొనడం పొరపాటు. ఫిల్ముకు చేరే మోతాదును లెక్కించాలంటే వాట్లను, ఫిల్ము వెడల్పును వేగంతో గుణించగా వచ్చిన దానితో భాగించాలి. 600 వాట్ల ట్రీటర్ అర మీటరు వెడల్పు ఫిల్ము మీద నిమిషానికి 30 మీటర్ల వేగంతో నడిస్తే చదరపు మీటరుకు 40 వాట్-నిమిషాలు చేరతాయి. ఆర్డరు తొందరలో ఆపరేటర్ వేగాన్ని 60కి పెంచాడంటే మోతాదు 20కి పడిపోతుంది. ఆ రోజు సరుకే తరవాత తిరిగి వస్తుంది. వేగంతో పాటు శక్తి దానంతటదే పెరిగే ఏర్పాటు ఉందా అని అడిగి తెలుసుకోండి.

తక్కువ మోతాదు తప్పు అని అందరికీ తెలుసు, ఎక్కువ మోతాదు కూడా తప్పేనని చాలామందికి తెలియదు. నాకు తెలిసిన ఒక యూనిట్‌లో యంత్రం అమర్చడానికి వచ్చినవాళ్లు "ఎంత ఎక్కువైతే అంత మంచిది" అని చెప్పి మీటను చివరిదాకా తిప్పి వెళ్లారు. డైన్ పెన్నుతో (ఉపరితల శక్తిని పరీక్షించే ద్రవం నింపిన పెన్నుతో) గీసి చూస్తే 50 పైనే చూపించింది, అందరూ సంతోషించారు, వారం తిరగకముందే ఇంకు పొరలుపొరలుగా లేచింది. నేను కూడా ఆ రోజు పెన్నును నమ్మి తల ఊపినవాణ్ణే. మోతాదు మించితే పాలిథీన్ గొలుసులు మరీ చిన్న ముక్కలుగా తెగి, ఆక్సీకరణం చెంది, ఉపరితలం మీద ఒక బలహీనమైన దుమ్ములాంటి పొరగా పేరుకుంటాయి. ఇంకు దానికి బ్రహ్మాండంగా అతుక్కుంటుంది, కాని అది ఫిల్ముకు అతుక్కుని ఉండదు. గోడకు సున్నం కొట్టే ముందు బూజు దులపకపోతే ఏమవుతుందో అదే ఇక్కడా జరుగుతుంది. దీనికి తోడు, మోతాదు మించిన ఫిల్ము వేడి అతుకు పట్టడానికి మొరాయిస్తుంది. అప్పడాల పౌచ్ అతుకు విడిపోతే తేమ చేరి లోపలి సరుకే మెత్తబడిపోతుంది. కాబట్టి అచ్చువేసే వైపు మాత్రమే ట్రీట్‌మెంట్ ఇవ్వాలి. రోలర్‌కూ ఫిల్ముకూ మధ్య గాలి చిక్కుకుంటే వెనక వైపున కూడా ఉత్సర్గం జరిగి, చుట్టలోని పొరలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఒత్తు రోలర్ ఉన్న యంత్రం అడగమని చెప్పేది ఇందుకే.

ఇక కాలం సంగతి. ట్రీట్‌మెంట్ పొందిన ఉపరితలం రోజులు, వారాలు గడిచేకొద్దీ వెనక్కి తగ్గుతుంది, ఎందుకంటే గొలుసులు తిరగబడి ఆక్సిజన్ గుంపులను లోపలికి దాచుకుంటాయి, ఫిల్ము జారుడుగా ఉండటానికి తయారీలోనే కలిపిన మైనంలాంటి పదార్థాలు పైకి తేలుతాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఈ జిల్లాలో కరెంటు ఎన్ని రోజులు లేదో చూసినవాళ్లకు ఒక మాట చెప్పాలి: అచ్చు యంత్రం ఆగినా గోదాములోని చుట్ట వయసు ఆగదు. అందుచేత, ఫిల్ము తయారీదారు దగ్గరే ఒకసారి ట్రీట్‌మెంట్ అయిన సరుకు కొని, మీ అచ్చు యంత్రం ముందు చిన్న ట్రీటర్‌తో మరోసారి తేలికగా తట్టిలేపడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. తయారీలో ఒక్కసారీ ట్రీట్‌మెంట్ పొందని పాత చుట్టను ఆ తరవాత దారికి తేవడం చాలా కష్టం. నెలకు కొద్ది చుట్టలు మాత్రమే అచ్చువేసే ఇల్లు అయితే ట్రీటరే అక్కరలేదు. తాజా ట్రీట్‌మెంట్ ఉన్న ఫిల్ము చిన్న చుట్టలుగా కొని, పదిహేను రోజుల్లో వాడేయమని చెప్పి పంపిస్తాను.

మిగిలిన ప్రత్యామ్నాయాలను త్వరగా చెప్పుకోవచ్చు. ప్రైమర్ పూత (ఇంకు పట్టడానికి ముందుగా వేసే పూత) పని చేస్తుంది గాని ద్రావకం వాసన, ఆరబెట్టే సమయం, ప్రతి నెలా ఖర్చు తప్పవు. మంట ట్రీట్‌మెంట్ ఊరగాయ జాడీలు, బకెట్ల వంటి మందమైన వస్తువులకు బాగుంటుంది, దాని ప్రభావం కరోనా కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది కూడా. కాని చల్లార్చే రోలర్ లేకుండా పలుచని ఫిల్ము దగ్గరకు మంటను తెచ్చే సాహసం చిన్న షెడ్డులో చేయకండి. ప్లాస్మా జెట్ అనేది కంప్రెసర్ గాలిని ఆర్కు గుండా ఊది నాజిల్ నుంచి బయటకు తెచ్చే యంత్రం. ఒక నాజిల్ ఒకటి రెండు అంగుళాలకు మించి వెడల్పు తడమలేదు కాబట్టి ఫిల్ముకు అనవసరం, మూత అంచుకు జిగురు పట్టించడం, సీసా మీద తేదీ అచ్చువేయడం వంటి చోట్ల మాత్రం దానికి సాటి లేదు. అయితే నాజిల్ దగ్గర వాయువు వందల డిగ్రీల వేడితో వస్తుంది, వస్తువు కదలిక ఆగితే జెట్ దానంతటదే ఆగిపోయే తాళం ఉండి తీరాలి. కంప్రెసర్ గాలిలో నూనె తుంపరలు ఉంటే శుభ్రం చేయవలసిన ఉపరితలానికే నూనె రాసినట్టవుతుంది.

వాక్యూమ్ ప్లాస్మాను పౌచ్‌ల కోసం ఎవరైనా సూచిస్తే మర్యాదగా వద్దనండి. మూసిన గదిలోని గాలిని తోడి, పదుల పాస్కల్‌ల పీడనంలో నడిపే ఆ పద్ధతి సందులు, గొట్టాల లోపలి భాగాలు ఉన్న వైద్య పరికరాలకు చక్కగా సరిపోతుంది.

పట్టు విషయంలో ఒక హెచ్చరిక

బరంపురాన్ని పట్టు నగరం అంటారు కనుక, ఇక్కడ ప్లాస్మా మాట రాగానే నేత ఇళ్ల వాళ్లు కూడా చెవి ఒగ్గుతారు. ప్లాస్మాతో దారానికి రంగు బాగా పడుతుంది, నీళ్లు తక్కువ పడతాయి అనే మాటలో నిజం ఉంది. గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థ జారిపోయే అంగోరా ఉన్నికి గాలి ప్లాస్మాతో గరుకుతనం తెచ్చి, వడకడానికి వీలు కల్పించింది కూడా. కాని పచ్చి పట్టు బరువులో దాదాపు పావు వంతు సెరిసిన్ అనే బంకే ఉంటుంది. నానోమీటర్ల లోతు మాత్రమే తాకే ప్లాస్మా ఆ బంకను తీసేయలేదు, కాబట్టి సబ్బు నీళ్లలో ఉడకబెట్టే పని తప్పదు. ఆ తరవాతి దశలో, రంగు వేయబోయే ముందు, ప్లాస్మా సాయపడవచ్చు.

జరీ ఉన్న బట్టను మాత్రం ఏ పరిస్థితిలోనూ అడ్డుపొర ఉత్సర్గం మధ్యకు పంపకూడదు. జరీలోని లోహం విద్యుత్తును తనవైపు గుంజుకుంటుంది, సన్నని మెరుపు తీగలన్నీ ఆ ఒక్క దారికి చేరతాయి, గుడి గోపురాల అంచు ఉన్న పట్టుబట్ట అంచువెంటే కాలిపోతుంది. మామూలు పట్టు మీద కూడా గాలి కరోనా తీగలు సూది మొనంత మచ్చలు పెట్టగలవు. పట్టుకు ఏదైనా ప్రయత్నించాలనుకుంటే నేయకముందు దారం దశలోనే, ఉత్సర్గాన్ని సమానంగా పరిచే రకంతో, ఒక కండె మీద చేసి చూడాలి. చీరల మీద ప్రయోగాలకు నేను ఒప్పుకోను.

కొత్త పొర వేయాలంటే

ఇక్కడి నుంచి విషయం చిక్కబడుతుంది. ఉపరితలాన్ని మార్చడానికి గాలి చాలు. పొర వేయడానికి వాయువుతో పాటు ముడి ఆవిరి కావాలి. సిలికాన్ పొరల కోసం ఎక్కువగా వాడేది హెక్సామిథైల్‌డైసిలోక్సేన్. సుమారు 100 డిగ్రీల దగ్గర మరిగే ఈ ద్రవాన్ని వాయు ప్రవాహంతో ఆవిరి చేసి ప్లాస్మాలోకి పంపితే అది ముక్కలై ఉపరితలం మీద అల్లుకుంటుంది. ఆక్సిజన్ లేకుండా పంపితే సిలికోన్‌ను పోలిన, నీటిని అంటించుకోని మెత్తని పొర వస్తుంది. ఆక్సిజన్ పెంచుతూ పోతే కార్బన్ తగ్గి, గాజుకు దగ్గరైన సిలికా పొర వస్తుంది. ఒకే సీసాలోని ద్రవంతో ఇన్ని రకాల పొరలు వేయగలగడం ఈ పద్ధతిలో నాకు నచ్చే గుణం.

మరి చిక్కు ఎక్కడంటే, మామూలు పీడనంలో అణువులు మరీ కిక్కిరిసి ఉంటాయి. గాలిలో ఒక అణువు మరొకదాన్ని ఢీకొనే లోపు ప్రయాణించే సగటు దూరం సుమారు 70 నానోమీటర్లు. 1 పాస్కల్ వాక్యూమ్‌లో అదే దూరం దాదాపు ఆరేడు మిల్లీమీటర్లు. ఆ కిక్కిరిసిన చోట ముడి ఆవిరి ముక్కలు ఉపరితలాన్ని చేరేలోపే ఒకదానికొకటి అతుక్కుని పొడిగా మారతాయి, ఆ పొడి పొరలో కలిసి రంధ్రాలు చేస్తుంది. తేమను ఆపాలనుకున్న పొరలో రంధ్రం ఉంటే అది జల్లెడే. నెదర్లాండ్స్ పరిశోధకులు నడిచే ఫిల్ము మీద వాతావరణ పీడనంలోనే తేమను గట్టిగా ఆపే సిలికా పొరలు వేసి చూపించిన మాట నిజమే గాని, వాళ్లు అందుకోసం వాయువు పాళ్లనూ ప్రవాహాన్నీ విద్యుత్తు అలల ఆకారాన్నీ ఎంతో నిక్కచ్చిగా అదుపు చేశారు. ఆ అదుపు షెడ్డులోకి తేవడం సులువు కాదు. అందువల్ల తేమనూ ఆక్సిజన్‌నూ ఆపే పొర కావాలంటే మీ పౌచ్‌కు వాక్యూమ్‌లో లోహపు పూత వేసిన ఫిల్ము కొనుక్కోండి. దాన్ని వాక్యూమ్ ప్లాంట్లు టన్నుల లెక్కన తయారుచేస్తున్నాయి, మీరు పోటీ పడనవసరం లేదు. జిగురు పట్టడానికి, నీరు జారిపోవడానికి, గీతలు తగ్గించడానికి వేసే పలుచని పొరలకు మాత్రం చిన్న రంధ్రాలు పెద్ద దోషం కాదు. అటువంటి పనులకు వాతావరణ పీడన పద్ధతి నిజంగా పోటీలో నిలుస్తుంది.

వాయువు ఎంపిక పొర నాణ్యతనూ, నెల ఖర్చునూ నిర్ణయిస్తుంది. హీలియంలో ఉత్సర్గం తీగలుగా విడిపోకుండా దీపకాంతిలా సమంగా పరుచుకుంటుందని 1988లో జపాన్ పరిశోధకులు చూపించారు. హీలియం ఉద్రిక్త పరమాణువుల్లో దాగిన శక్తి మిగతా వాయువులను అయనీకరించడం, వేడిని గాలి కన్నా దాదాపు ఆరు రెట్లు చురుగ్గా తీసుకుపోవడం ఇందుకు తోడ్పడతాయి. 1868 ఆగస్టు 18 నాటి సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరు నుంచే పరిశీలించాడు, హీలియం కథ ఆ గ్రహణంతోనే ముడిపడి ఉంది. అయినా ఆ వాయువు మనకు మాత్రం చవకగా దొరకదు. లెక్క చూడండి: 7 ఘనపు మీటర్ల సిలిండర్‌ను నిమిషానికి 10 లీటర్ల చొప్పున వాడితే 12 గంటలు కూడా రాదు. అది భువనేశ్వర్ నుంచో విశాఖపట్నం నుంచో రావాలి. ఆర్గాన్ వెల్డింగ్ పని జరిగే ఊళ్లన్నిటా దొరుకుతుంది, కాకపోతే అందులో ఉత్సర్గం తీగలుగా విడిపోవడానికి మొగ్గు చూపుతుంది. నైట్రోజన్ చవక, కాని దానిలో సమమైన ఉత్సర్గం రావాలంటే లోపలికి చేరే ఆక్సిజన్ చాలా తక్కువగా ఉండాలి, అంటే యంత్రం బిగుతుగా ఉండాలి. కాబట్టి నేర్చుకునే వాళ్లకు ఆర్గాన్, ఉత్పత్తి ఆలోచించే వాళ్లకు గాలి లేదా నైట్రోజన్, హీలియం మాత్రం పోల్చి చూడటానికి ఒక్క సిలిండర్ చాలని నా సలహా.

కళాశాల ప్రయోగశాలకు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల కళాశాలల్లో భౌతికశాస్త్రం చెప్పే మిత్రులు, పొరల మీద ప్రాజెక్టు చేయాలనుకునే విద్యార్థులు అడిగే ప్రశ్న వేరు: ఉన్న కొద్ది నిధులతో సోల్-జెల్ పద్ధతి (ద్రావణాన్ని జెల్‌గా మార్చి పొర వేసే పద్ధతి) మొదలుపెట్టాలా, ప్లాస్మా మొదలుపెట్టాలా? గాజు మీద టైటానియం డయాక్సైడ్ పొర వేయడమే లక్ష్యమైతే సోల్-జెల్ చాలు. ముంచి తీసి 400, 500 డిగ్రీల దగ్గర కాలిస్తే స్ఫటిక రూపం వస్తుంది, ఒక మఫిల్ కొలిమి ఉంటే సరి. ప్లాస్టిక్ మీద వేయాలంటే ఆ వేడి తట్టుకోదు, అక్కడే ప్లాస్మాకు అర్థం ఉంది. ఇంకో మధ్యేమార్గం నాకు బాగా ఇష్టం: పొరను ద్రావణంతోనే వేసి, దాన్ని గట్టిపరిచి పండించే పనిని వేడికి బదులు ప్లాస్మాకు అప్పగించడం. ముడి ఆవిరి, పొడి సమస్య రెండూ ఉండవు, విద్యార్థికి పోల్చి చూసే ఫలితాలు మాత్రం చేతినిండా వస్తాయి.

ఛత్రపూర్ ఇసుకలో ఇల్మనైట్ దొరుకుతుంది కనుక టైటానియం మన సొంత లోహంలా అనిపిస్తుంది, నిజమే. కాని పొరలకు వాడే టైటానియం ఐసోప్రొపాక్సైడ్ తేమ తగిలితే చాలు తెల్లని ముద్దగా మారి గొట్టాలను మూసేస్తుంది. సముద్రం గాలి వీచే ఊళ్లో దాన్ని ఎంచుకుంటే సగం సమయం గొట్టాలు కడుక్కోవడానికే పోతుంది. మొదటి ఏడాది సిలికాన్ ద్రవాలతోనే సరిపెట్టుకోవడం మేలు. వాటితో కూడా జాగ్రత్త కావాలి. హెక్సామిథైల్‌డైసిలోక్సేన్ ఆవిరి నిప్పురవ్వ తగిలితే గది వేడిమిలోనే అంటుకుంటుంది కాబట్టి ముందు ఆవిరి ఆపి, తరవాతే విద్యుత్తు ఆపి, చివరకు వాయువుతో గొట్టాలను తోయాలి. శుభ్రం చేసే పనికి మాత్రమే అయితే అతినీలలోహిత-ఓజోన్ పెట్టె ఇంకా తక్కువ తలనొప్పి, నిమిషాలు ఎక్కువ పడతాయి, అంతే.

మన గాలితో వచ్చే చిక్కులు

గంజాం తీరంలో గాలి కేవలం గాలి కాదు, అందులోని తేమ కూడా ముడిసరుకే. నీటి ఆవిరి ఉత్సర్గంలో చీలి కొత్త గుంపులను పుట్టిస్తుంది, ఉత్సర్గం తీరును మారుస్తుంది, కనుక డిసెంబరులో సరిపోయిన మీట స్థానం ఆగస్టులో సరిపోదు. ఉప్పు గాలి సెరామిక్ తొడుగుల మీద పలుచగా పేరుకుంటే విద్యుత్తు ఉపరితలం వెంబడి పాకి, చివరకు తొడుగు పగులుతుంది. వారానికోసారి స్పిరిట్ గుడ్డతో తుడిచే అలవాటు తొడుగు ఖరీదు మిగులుస్తుంది. లోపలి ప్రాంతాలైన రాయగడ, కోరాపుట్ వైపు ఉప్పు బాధ లేదు.

ఉత్సర్గం గాలి నుంచి పుట్టించే ఓజోన్ విషయంలో మాత్రం ఊరు ఏదైనా ఒకటే సూత్రం. పనిచేసే చోట అనుమతించే హద్దు సాధారణంగా 0.1 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 0.1 వంతు), ముక్కుకు ఘాటుగా తగిలిందంటే ఆ హద్దుకు దగ్గరలో ఉన్నట్టే. ట్రీటర్ పెట్టె నుంచి నేరుగా పైకప్పు దాటే ఎగ్జాస్ట్ గొట్టం లేకుండా యంత్రం బిగించనివ్వకండి. కిటికీ తెరిచాం కదా అంటే కుదరదు. గొట్టం రబ్బరుది అయితే ఓజోన్ దాన్నే తినేస్తుంది, స్టెయిన్‌లెస్ స్టీలుది పెట్టించండి. ఆర్గాన్ వాడే చిన్న గదిలో తలుపు మూసి పని చేయకూడదు, ఎందుకంటే అది నేల దగ్గర పేరుకుని శ్వాసకు ఆక్సిజన్ లేకుండా చేస్తుంది, వాసన కూడా రాదు. ఎర్తింగ్ గొయ్యి వేరుగా తీయించాలి.

డబ్బు కట్టే ముందు

అమ్మేవాళ్ల దగ్గర ఉన్న మాదిరి ఫిల్ము మీద పరీక్ష చూసి ఒప్పుకోకండి. మీ చుట్ట నుంచి కోసిన ఫిల్మునే పంపండి, అందులో జారుడు పదార్థం ఎక్కువ ఉన్న పాత చుట్ట ఒకటి తప్పకుండా ఉండేలా చూడండి. తిరిగి వచ్చిన మాదిరిని ఆ రోజే డైన్ పెన్నుతో గీసి చూడండి. గీత రెండు సెకన్లు చీలకుండా నిలిస్తే ఆ పెన్ను అంకె దాటినట్టు. ఆ పెన్నుల్లోని ద్రవాల్లో తరచుగా ఫార్మమైడ్ ఉంటుంది, గర్భిణులకు హానికరం, చేతి తొడుగు వేసుకోవాలి, పెన్నును ఒకదాని తరవాత ఒకటిగా మురికి ఫిల్ము మీద రాస్తే దాని మొన చెడి అంకె తప్పు చెబుతుంది. పెన్ను చెప్పినదాన్ని ఒక్కదాన్నే నమ్మవద్దని పైన చెప్పిన కథే సాక్ష్యం కనుక, మీ ఇంకుతోనే అచ్చువేసి, ఆరాక, టేపు అంటించి సర్రున లాగి చూడండి. అతుకు బలం కూడా ఆ ముక్క మీదే చూడండి. ఇవన్నీ మొదటి రోజు, వారానికి, నెలకు మూడుసార్లు చేసి, తేదీ వేసి దాచండి.

వీలైతే ఈ పరీక్షను జులై, సెప్టెంబరు మధ్య పెట్టించుకోండి. యంత్రం బిగించాక తొలి చెల్లింపును కూడా వానాకాలం పరీక్షతో ముడిపెట్టి కొటేషన్‌లో రాయించుకోండి. సెరామిక్ తొడుగు ఒకటి, సిలికోన్ తొడుగు ఉంటే అది కూడా ఒకటి, యంత్రంతో పాటే అదనంగా తెప్పించుకోండి. అవి పగిలేది ఎప్పుడూ దసరా ఆర్డర్ల వారంలోనే, అప్పుడు వాటి కోసం పూణెకో అహ్మదాబాదుకో ఫోన్లు చేస్తూ కూర్చోవలసి వస్తుంది.